పోసిన తరువాత నీరు

చదువవలసిన భాగములు: యెహెజ్కేలు 13:10–16, అపొస్తలుల కార్యములు 17:1–10, 1 థెస్సలొనీకయులకు 2:17–3:10

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. 2011వ సంవత్సరము మే నెలాఖరున, సరిగా ఆ కార్తెలోనే, మా యింటి వాకిట కాంక్రీటు పోయించితిని. 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 4 అంగుళముల మందము గల చిన్న పని. వానలు పడినప్పుడెల్ల వాకిలి బురదయై, గృహకూటములకు వచ్చు వృద్ధులు జారిపడుచుండిరి. ఆ యేడు తొలకరికి ముందే పని ముగింపవలెనని తొందరపడితిని.

ఉదయము 10 గంటలకు మొదలైన పోత మధ్యాహ్నము 2 గంటలకు ముగిసెను. వడగాలి వీచుచుండెను. బిగువుగా నున్న మాలును పారలతో లాగలేక కూలివారు అవస్థపడిరి. “ఇంకో బకెట్టు నీళ్ళు పొయ్యమంటారా అయ్యగారూ?” అని వారిలో ఒకడు అడిగెను. వారి చెమటను చూచి జాలిగొని, పొయ్యుమని నేనే చెప్పితిని. ఆ సాయంకాలమే మూడు దినముల కూటములకు నేను పొరుగూరు పోవలసియుండెను. రేపటినుండి నీళ్ళు చల్లుడని ఇంటిలో చెప్పి బయలుదేరితిని. వాకిలి దాటునప్పుడు కాంక్రీటుమీద ఏటవాలుగా మూడు సన్నని గీతలు కనబడెను. ఎవరో పిల్లవాడు పుల్లతో గీసెనని తలంచి నా దారిని నేను పోతిని.

తిరిగి వచ్చునప్పటికి ఆ గీతలు వ్రేలిగోరు దిగునంత పగుళ్లాయెను. మేస్త్రిని పిలిపించితిని. ఆయన సిమెంటు పాలు కలిపి వాకిలియంతటికిని ఒక పూత పూసెను. పగుళ్లు కనబడకపోయెను, వచ్చినవారందరు వాకిలి అద్దమువలె నున్నదని మెచ్చుకొనిరి. జూలై వానలకు ఆ పూత పొరలు పొరలుగా లేచెను. అక్టోబరు నాటికి వాకిలి నడుమ అడ్డముగా క్రొత్త పగులొకటి వచ్చెను. మురుగు కాలువ ప్రక్కనున్న మూల తక్కిన భాగము కంటె దాదాపు అర అంగుళము క్రిందికి దిగెను.

కాంక్రీటు పోసిన వారమునకు ముందటి ఆదివారమున మా సంఘములో ఒక యౌవనస్థుడు బాప్తిస్మము పొందెను. అతని సంగతి తరువాత చెప్పెదను. వాకిలి సంగతి ముందు తెలియనిదే అతని సంగతి నాకును బోధపడలేదు.

మనలో అనేకులు కాంక్రీటు ఎండి గట్టిపడునని అనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. మట్టిగోడ ఎండి గట్టిపడును గాని కాంక్రీటు సంగతి వేరు. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి, ఆ కలయికలో వేడిమిని పుట్టించుచు, ఇసుకను కంకరను పట్టుకొని రాయిగా మారును. ఆ మార్పు ఒక దినములో ముగియదు. ఏడవ దినమునకు దాని బలము ఇరువది యెనిమిదవ దినపు బలములో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే యుండును. లోపలి తేమ ఆరిపోయినయెడల మార్పు అంతటితో నిలిచిపోవును. పైకి గట్టిగానే కనబడును. పాదము మోపిన దిగబడదు. అయినను అది కావలసినంత రాయి కాలేదు.

ఇక్కడ ఒక వింత యున్నది. సిమెంటు బరువులో సుమారు నాలుగవ వంతు నీరు మాత్రమే దానితో రసాయనికముగా కలియును. మాలు కదులుటకును, కంకర సందులలోనికి పోవుటకును మరికొంత నీరు కావలెను. ఇండ్ల పనులలో వాడు సాధారణమైన మిశ్రమమునకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్ల నీరు మించరాదని భారత ప్రమాణ గ్రంథమైన ఐ.ఎస్. 456 (2000) నిర్ణయించినది. పని సుళువగుటకై అంతకు మించి పోసిన ప్రతి బకెట్టును లోపల ఖాళీలను విడిచి వెలుపలికి ఆవిరైపోవును. బలము తగ్గును, కుదింపు హెచ్చును. కాని అదే నీరు, పోత ముగిసి మాలు బిగిసిన తరువాత పైన నిలిపినయెడల, దానికి ప్రాణము. అదే గ్రంథము సాధారణ సిమెంటునకు కనీసము 7 దినములును, బూడిద మొదలైనవి కలిసిన సిమెంటునకును వేడి పొడి వాతావరణమునకును కనీసము 10 దినములును ఎడతెగక తడిగా ఉంచవలెనని చెప్పుచున్నది. మడులు కట్టి నీరు నిలుపవలెను, లేదా గోనెపట్టాలు పరచి ఆరనీయక తడుపుచుండవలెను. ఉదయమొక చెంబు, సాయంకాలమొక చెంబు చల్లుట నీళ్ళు పట్టుట కాదు. కలుపునప్పుడు తక్కువ, పోసిన తరువాత ఎక్కువ. నేను సరిగా తలక్రిందులుగా చేసితిని.

ఈ సంగతులు నాకు చెప్పినవాడు మా పేటలోని ఒక ముసలి తాపీమేస్త్రి. మన సంఘస్థుడు కాడు. ఆయన వాకిట గొంతుకూర్చుండి, పగుళ్లను ఒక్కొక్కటిగా వ్రేలితో తడవి, వైద్యుడు నాడి చూచినట్లు చూచెను. ఏటవాలుగా నున్న మూడింటిని చూచి, “ఇవి పోసిన రోజునే పుట్టినవి. వడగాలికి పైనీరు ఎగిరిపోయింది, కింది నీరు అంత తొందరగా పైకి రాలేకపోయింది. అప్పుడు మీరు ఇంట్లో ఉన్నారా అయ్యగారూ?” అని అడిగెను. లేనని చెప్పితిని. “ఉండి చెక్కపలకతో గట్టిగా రుద్దించి, మీద ఒక తడిగుడ్డ పరిచినా మూసుకుపోయేవి. మెత్తగా ఉన్నప్పుడు పది నిమిషాల పని” అనెను.

నడుమనున్న పగులు వేరు విధమైనదని ఆయన చెప్పెను. దానిని గూర్చి కొంచెము వివరింపవలెను, ఎందుకనగా క్రొత్త యిల్లు కట్టించువారు దీనిని చూచియే మిక్కిలి బెదరుదురు. ఎంత శ్రద్ధగా పోసినను, నెలలు గడచుకొలది కాంక్రీటు ఆరుచు కుదియును. ఆ కుదింపును మీటరునకు 0.3 మిల్లీమీటరుగా లెక్కకట్టుదురు. 30 అడుగుల వాకిలికి ఇది దాదాపు 3 మిల్లీమీటర్లగును. క్రింద నేల దానిని పట్టుకొనును, కాంక్రీటు లాగబడును, ఎక్కడనో ఒకచోట తెగును. కనుక తెలిసిన మేస్త్రి 4 అంగుళముల మందముగల నేలకు 8 మొదలు 12 అడుగులకు ఒకటి చొప్పున, మందములో నాలుగవ వంతు లోతున, ముందే గాడి గీయును. పగులు రానే వచ్చును గాని ఆ గాడిలో నిటారుగా వచ్చి, ఎవరికిని హాని చేయక, కంటికి కూడ ఆనక పడియుండును. గాడి లేనిచోట అది తన యిష్టము వచ్చిన దారిని పోవును. మా వాకిట ఒక గాడియు లేదు. అందము చెడునని నేనే వద్దంటిని.

కాలువప్రక్క మూల దిగుటకు కారణము మన్ను. కాలువ త్రవ్వినప్పుడు పూడ్చిన మన్నును దిమ్మిసలు వేయక, నీళ్ళు పోసి అణగనీయక, దానిమీదనే పోయించితిమి. పగులుకు ఒక ప్రక్క ఎత్తు, ఒక ప్రక్క పల్లము ఉన్నయెడల పైది చూచుట మాని క్రిందిది చూడవలెను. నల్లరేగడి నేలలలో, ముఖ్యముగా గుంటూరు, కర్నూలు ప్రాంతములలో, వానకు ఉబ్బి వేసవికి నెఱ్ఱెలు వారు భూమి ఇండ్లను ఎట్లు పైకెత్తి దించునో అక్కడివారికి చెప్పనక్కరలేదు.

వాకిలి పగులుట చిన్న సంగతి. పైకప్పు స్లాబులో గాని దూలములో గాని స్తంభములో గాని పగులు కనబడి, అది మూడు వ్రాతకాగితముల మందమును, అనగా సుమారు 0.3 మిల్లీమీటరును మించినను, నాడు నాటికి పెరుగుచున్నను, ఇనుప చువ్వల వెంబడి త్రుప్పు మరక దిగుచున్నను, మేస్త్రి మాటతో సరిపెట్టుకొనక ఇంజనీరును పిలువుడు. ఇది కుటుంబము ప్రాణములతో కూడిన విషయము. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకొనుట కూడ ఒక గుర్తు.

ఇప్పుడు యెహెజ్కేలు పదమూడవ అధ్యాయమునకు రండి. ప్రజలు ఒక బలహీనమైన గోడ కట్టుకొనగా, ప్రవక్తలమని చెప్పుకొనువారు దానిమీద గచ్చుపూత పూసిరని దేవుడు ఫిర్యాదు చేయుచున్నాడు. గోడ కట్టినవారిని మించి, పూత పూసినవారిమీదనే ఆ అధ్యాయములో కోపము కనబడుచున్నది. ఎందుకు? పగులు కనబడినంతకాలము యింటివాడు జాగ్రత్తపడును. పూత పూసినవాడు ఆ జాగ్రత్తను దోచుకొనెను. సమాధానము లేనిచోట సమాధానమని పలికినవాని పని అదియే. గాలివాన, వడగండ్లు వచ్చి పూతను రాల్చినప్పుడు గోడ పునాది బయలుపడునని ప్రవక్త చెప్పుచున్నాడు. మా వాకిలికి జూలై వాన చాలినది.

ఆ యౌవనస్థుడు మోటారు మరమ్మతుల షాపులో పని చేయువాడు. వారి యింటినుండి ప్రభువు నెరిగిన మొదటివాడు అతడే. బాప్తిస్మమునకు ముందు అతడు నన్నొక మాట అడిగెను: “మా నాన్న ఊరుకోడేమో అయ్యగారూ. అప్పుడేం చెయ్యాలి?” ఆ ప్రశ్నకు కూర్చుండి ఉత్తరమియ్యవలసినది. శ్రమ వచ్చునని, తండ్రి కొంతకాలము పలుకకపోవచ్చునని, అయినను తండ్రిని గౌరవించుట మానరాదని, ఆ దినములలో మేము వెంట ఉందుమని చెప్పవలసినది. నేనేమో అతని ముఖములోని దిగులు చూచి జాలిపడి, ప్రభువు చూచుకొనును నాయనా, ఇంటిలో అంతయు సమాధానపడునని చెప్పి పంపితిని. అది ఇంకొక బకెట్టు నీరు. బాప్తిస్మమైన వారమునకు వాకిలి పని, పిమ్మట కూటములు, పిమ్మట సెలవుల బైబిలు పాఠశాల. మూడు ఆదివారములు అతడు వచ్చెను; నాలుగవ ఆదివారము రాలేదు. సంఘపెద్దయొకరు కబురు పంపిరి. డిసెంబరులో వార్షిక నివేదిక వ్రాయునప్పుడు, ఆ సంవత్సరము బాప్తిస్మము పొందినవారి సంఖ్యలో అతనిని కూడ కలిపి వ్రాసితిని. లెక్క తప్పు కాదు. అయినను నేను పూసిన గచ్చుపూతలన్నిటిలో నున్ననిది అదే.

పౌలు థెస్సలొనీకలో ఎంతకాలముండెనో చూడుడి. మూడు విశ్రాంతిదినములు సమాజమందిరములో తర్కించెనని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నది. అంతకంటె కొంత యెక్కువ కాలముండియుండవచ్చునని కొందరు వ్యాఖ్యానకర్తల అభిప్రాయము; ఏలయనగా అతడు అక్కడ నున్నప్పుడు ఫిలిప్పీవారు ఒకటికి రెండు మారులు సహాయము పంపిరని ఫిలిప్పీయుల పత్రిక 4:16లో నున్నది. ఏమైనను కాలము కొద్దిది. అల్లరి లేచి, రాత్రివేళ అతనిని ఊరు దాటించిరి. వెనుక మిగిలినది అప్పుడే పోసిన సంఘము, దానిమీద వడగాలి.

ఆ సంఘము పగిలిపోలేదు. ఎందుకో మొదటి పత్రికలోనే తెలియుచున్నది. మొదటిది, పౌలు మాలును పలుచన చేయలేదు. క్రీస్తు శ్రమపడుట అగత్యమని సమాజమందిరములోనే విప్పి చెప్పెను. రెండవది, మూడవ అధ్యాయము 3, 4 వచనములలో మనము తేలికగా దాటిపోవు సంగతి: మీకు శ్రమలు వచ్చునని అతడు వారియొద్ద నున్నప్పుడే ముందుగా చెప్పియుంచెను. అది మేస్త్రి ముందే గీసిన గాడి. విశ్వాసికి కలవరము రాదని బోధించు సంఘములో కలవరము రాక మానదు. చెప్పుకొనుటకు చోటులేక, ఎటుబడిన అటు చీల్చుకొనిపోవును. సందేహము కలిగినప్పుడు ఎవరియొద్దకు రావలెనో, ఇంటిలో అన్నము పెట్టనినాడు ఎవరి తలుపు తట్టవలెనో ముందే చెప్పియుంచిన సంఘములో అదే కలవరము గాడిలో నిలుచును.

ఇక నీరు. పౌలు మరల వచ్చుటకు ఒకటి రెండు మారులు యత్నించెను, అభ్యంతరము కలిగెను. ఇక తాళలేక, ఏథెన్సులో తానొక్కడే మిగులుటకు సమ్మతించి, తిమోతిని పంపెను. ఈ మాట మీద కొంచెము నిలువుడి. ఏథెన్సువంటి పరపట్టణములో పౌలునకు తోడు అవసరము లేదా? తన తోడును తీసి అతడు వారిమీద పోసెను. కబురు పంపి ఊరుకొనలేదు, మనిషిని పంపెను. తిమోతి శుభవార్తతో తిరిగి వచ్చువరకు అతనికి ఊపిరాడనట్లే ఆ అధ్యాయము సాగుచున్నది. మనము పౌలును గొప్ప ప్రయాణికుడని చెప్పుకొందుము గాని, రాళ్లతో కొట్టబడిన లుస్త్రకు మరల పోయినవాడని అంతగా చెప్పుకొనము. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయము చివర ఆ తిరుగు ప్రయాణమున్నది. ఊరేగింపు లేదు, జనసమూహములు లేవు. ఉన్న శిష్యుల మనస్సులను స్థిరపరచుట మాత్రమే. నీళ్ళు పట్టువాని పని చూచుటకు ఎవరును గుమిగూడరు.

దీనికి చేరిన మరొక సంగతి చెప్పి ముందుకు పోవుదము. స్లాబు క్రింది సెంట్రింగు ఊతలు తొందరపడి తీయరాదు. చిన్న గదికే ఏడు దినములు, పెద్ద గదికి పదునాలుగు దినములు నియమము. క్రొత్తగా వచ్చినవానిని మూడవ వారమున యౌవనుల కార్యదర్శిగా నిలువబెట్టి, ఆరవ మాసమున అతడు వంగిపోయెనని నిందించు సంఘములు 1 తిమోతి 3:6 మరియొకసారి చదువుకొనవలెను.

మేస్త్రి లేచి పోవుచు, పగుళ్లను ఇప్పుడే పూడ్చవద్దని నాకు చెప్పెను. ప్రతి పగులు రెండు కొసలయందు పెన్సిలుతో గీత గీసి, ప్రక్కన తేదీ వ్రాయుమనెను. ఒక వేసవి, ఒక వానకాలము గడవనిచ్చి, గీత దాటినదో లేదో చూడుమనెను. దాటనిది చచ్చిన పగులు. దానిని శుభ్రము చేసి సిమెంటుతో నింపవచ్చును. దాటినది ఇంకను కదలుచున్నది. దానిలో గట్టి సిమెంటు నింపిన ప్రక్కన ఇంకొకటి పుట్టును. కారణమును సరిచేసి, సాగు గుణముగల పదార్థముతో నింపవలెను. “కదిలేదాన్ని కదలనివ్వాలయ్యగారూ, అప్పుడే అది ఎందుకు కదులుతుందో తెలుస్తుంది” అనెను. వాకిట తేదీలు వ్రాసితిని. 2012 ఫిబ్రవరి నెలలో వ్రాసిన ఆ అంకెలు కాలువప్రక్క మూల గోడనీడలో కొంతకాలము నిలిచియుండెను.

తేదీలు వ్రాయుచుండగా ఆయన అడిగిన మొదటి ప్రశ్న నన్ను విడువలేదు. పోసిన దినమున నీవు ఇంటిలో నుంటివా?

ఆ వారములోనే, కూటములేమియు పెట్టుకొనక, ఆ యౌవనస్థుని యింటికి ఒంటరిగా నడిచిపోతిని. అతడు అప్పుడే షాపునుండి వచ్చి, చేతుల నూనె మరకలు కడుగుకొనుచుండెను. నన్ను చూచి లేచి నిలిచెను గాని నవ్వలేదు. తండ్రి లోపల నుండెను, వెలుపలికి రాలేదు. ఏమి మాటలాడవలెనో తోచక, బాగున్నావా బాబూ అని అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండి, “బాప్తిస్మానికి ముందు మీరు మా యింటికి తొమ్మిదిసార్లు వచ్చారు అయ్యగారూ. తర్వాత ఇదే మొదటిసారి. నేను లెక్కపెట్టుకున్నాను” అనెను. అందులో కోపము లేదు. గీత ప్రక్కన తేదీ వ్రాసినట్లు చెప్పెను.

ఉత్తరము చెప్పుటకు వచనములు నాకు గుర్తునకు వచ్చెను. ఆ సాయంకాలము వాటిని నాలోనే ఉంచుకొంటిని. తప్పు నాదేనని చెప్పి, రేపు కూడ వచ్చెదనని చెప్పితిని. అతడు వద్దనలేదు, రమ్మనలేదు. వేపచెట్టు క్రింద మంచము వాల్చి, లోపలికి పోయి, కంచుచెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చెను.